పేరు అడుగుతూ వచ్చినవాళ్ళు

ఇన్ని ఉద్యోగాలు ఎందుకు మారావు తాతయ్యా అని అడిగావు కదమ్మా. కూర్చో, చెప్తాను. చిన్నోడా, మంటలోంచి ఆ తాటిమట్ట కాస్త వెనక్కి లాగరా, పొగంతా అమ్మాయి మొహం మీదికే వస్తోంది.

ముందు పేపరు విలేకరిని. తర్వాత కంపెనీల తరఫున పేపర్లవాళ్ళతో మాట్లాడే మనిషిని. జుట్టు నెరిశాక ఇంటర్నెట్‌లో ప్రకటనలు చూసేవాణ్ణి. వినేవాళ్ళకి మూడు పనులు. నాకు మాత్రం ఒకే పని మూడు చోట్ల చేసినట్టుంటుంది. ఎందుకలా అంటున్నానో మొదట్నించీ చెప్తే గానీ నీకు తెలియదు.

నేను చేరిన రోజుల్లో తాలూకా విలేకరికి జీతమంటూ ఉండేది కాదు. లైన్ అకౌంట్ అనేవాళ్ళు. నెలాఖరున మనం రాసిన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, స్కేలు పెట్టి కొలిచి ఆఫీసుకు పంపాలి. అచ్చయిన లైన్లకే డబ్బులు. రాసింది నాలుగు పేజీలైనా డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటరు నాలుగు లైన్లకు కుదిస్తే మన కష్టం ఆ నాలుగు లైన్లే. ఊరికే మాటలు పెంచే అలవాటు నాకు అక్కడే పోయింది.

వార్త పంపడం ఇంకో కథ. సాయంత్రం బెజవాడ వెళ్ళే ఆర్టీసీ బస్సు కండక్టరు చేతికి కవరు ఇచ్చేవాళ్ళం. బస్టాండులో మా ఆఫీసు కుర్రాడు కాచుకుని ఉండి అందుకునేవాడు. బస్సు పంక్చరైతే ఆ రోజు మన ఊరికి వార్తల్లేనట్టే. మరీ అర్జంటైతే తంతి. పత్రిక పేరున కార్డు ఉంటే డబ్బు కట్టకుండానే తంతి ఇవ్వొచ్చు, బిల్లు ఆఫీసుకు పోతుంది. ట్రంకు కాల్ బుక్ చేస్తే ఎప్పుడు కలుస్తుందో ఆ దేవుడికే తెలియాలి. కలిశాక కూడా అరిచి చెప్పాలి. చచ్చిపోయినవాళ్ళ సంఖ్య పోస్టాఫీసులో నిలబడి గొంతు చించుకుని చెప్పాల్సి రావడం ఎంత నరకమో చెప్పలేను.

ఇక అవతల అచ్చుగదిలో సీసపు అక్షరాలు. మన భాషకు గుణింతాలు, ఒత్తులు. కంపోజిటరు ముందు అక్షరాల గళ్ళు బారులు తీరి ఉండేవి. చూడకుండానే చెయ్యి వెళ్ళి సరిగ్గా ఆ గడిలోనే పడేది. అద్దంలో చూసినట్టు తిరగేసి ఉన్న అక్షరాలను మనం పేపరు చదివినంత వేగంగా చదివేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎక్కడా అచ్చు కాలేదు. తెలుగు పత్రికల చరిత్ర చెప్పేటప్పుడు ముట్నూరి కృష్ణారావు గారి పేరు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు, నార్ల వారి పేరు చెప్తారు, చెప్పాల్సిందే. ఆ సీసం పొడి పీల్చి దగ్గుతూ పోయినవాళ్ళను కూడా తలుచుకోవాలి.

అప్పట్లో పేపర్లన్నీ చాలావరకు బెజవాడలో అచ్చయ్యేవి. విశాఖపట్నం చేరేసరికి పొద్దెక్కేది. 1974 ఆగస్టు 10న రామోజీరావు గారు ఈనాడును విశాఖలోనే మొదలుపెట్టి, తెల్లారేలోపు గుమ్మంలో పడేలా చేశారు. అంతకుముందు మధ్యాహ్నం తీరుబడిగా చదివే పేపరు పొద్దున్నే కాఫీతో చదివేదైపోయింది. మిగతా పత్రికలూ మారక తప్పలేదు. మాలాంటి విలేకర్లకు కూడా గడియారం మొదటిసారి యజమాని అయింది.

సరే, నీకు చెప్పాలనుకున్నది 1977 సంగతి.

నవంబరు 19, శనివారం. గాలి మామూలుగా లేదని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాం. తుపాను అన్న మాట రేడియోలో విన్నాం గానీ, సముద్రం ఊళ్ళోకి వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆ సాయంత్రం దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. తాటిచెట్టంత అల అని బతికినవాళ్ళు చెప్పేవాళ్ళు. తంతి స్తంభాలు, కరెంటు స్తంభాలు కూలిపోయాయి, రోడ్లు తెగిపోయాయి. దివిసీమలో ఏం జరిగిందో బయటి లోకానికి తెలియడానికే రోజులు పట్టింది. అధికారిక లెక్కల్లోనే పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళలో లెక్క చెప్పడానికి కూడా మనుషులు మిగల్లేదు.

నేను వెళ్ళగలిగినంత దూరం లారీ మీద వెళ్ళి, తర్వాత నడిచాను. పొలాలేవో దారేదో తెలియలేదు. తుమ్మ చెట్ల మీద చీరలు చిక్కుకుని ఉన్నాయి. పశువులు, మనుషులు ఒకే చోట. ఇంతకంటే చెప్పను, ఇక్కడ పిల్లలున్నారు.

ఆఫీసువాళ్ళు అడిగింది సంఖ్య. ఎంతమంది పోయారు, ఎన్ని ఇళ్ళు పడ్డాయి, ఎన్ని ఎకరాలు మునిగాయి. అది అడగడం తప్పు కాదు, మొదటి పేజీకి కావాల్సింది అదే. కానీ అవనిగడ్డ వైపు తిరిగి వస్తుంటే దారిలో జనం నన్ను ఆపి సంఖ్య అడగలేదమ్మా. భుజాన సంచీ, చేతిలో నోట్‌బుక్కు చూసి ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పేవాళ్ళు. బందరు నుంచి నడుచుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, చెల్లెలి పేరు, బావ పేరు, ఊరి పేరు, ఇంటి ముందు వేపచెట్టు గుర్తు, అన్నీ చెప్పి, "కనిపించారా బాబూ" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నా నోట్‌బుక్కు నిండా అంకెలే.

మరుసటి రోజు నుంచి వేరే పేజీ మొదలుపెట్టాను. ఏ బడిలో, ఏ గుళ్ళో తలదాచుకున్నవాళ్ళు ఎవరో పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకోవడం. బతికి ఉన్నవాళ్ళ జాబితా. కవరులో వార్తతో పాటు అది కూడా పెట్టి పంపాను. మా డెస్కులో ఒక పెద్దాయన ఉండేవారు, మాట కరుకు, మనసు మెత్తన. ఇదేం వార్త అని పక్కవాళ్ళు అంటే, ఇవాళ్టికి ఇంతకంటే వార్త లేదు అని చిన్న అక్షరాల్లో లోపలి పేజీలో వేయించారట. ఆ పేపరు బస్టాండులో ఒకరు పైకి చదువుతుంటే చుట్టూ జనం నిలబడి విన్నారు. మధ్యలో ఒక ఆడమనిషి అరుపు వినిపించింది. ఏడుపు కాదు. తమ్ముడి పేరు వినబడింది.

నా చదువు అక్కడ పూర్తయింది. జనం పేపరు కొనేది మనం రాసింది చదవడానికని మనం అనుకుంటాం. వాళ్ళు ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే ఒక ప్రశ్న పట్టుకుని బయల్దేరతారు. ఆ ప్రశ్న ఏమిటో కనుక్కోవడమే మన పని. మిగతాదంతా తర్వాత.

1985లో ఎన్టీఆర్ మండలాలు పెట్టారు. 1989లో ఈనాడు ప్రతి జిల్లాకూ విడిగా పేజీలు తెచ్చింది, మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. అంతకుముందు మన మండలం వార్త పేపర్లో రావాలంటే హత్యో, మంత్రి పర్యటనో ఉండాలి. జిల్లా పేజీలు వచ్చాక కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారు, రేషను షాపులో కిరోసిన్ వచ్చిందా, ఇలాంటివన్నీ వార్తలయ్యాయి. హైదరాబాదులో కొందరు పెద్ద పాత్రికేయులు ముఖం చిట్లించారు, పేపరు స్థాయి పడిపోయిందని. నేను ఒప్పుకోను. కాలువ కింద రెండెకరాలున్నవాడికి నీళ్ళ తేదీ కంటే పెద్ద వార్త ఏముంటుంది?

నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం చూడు. కలిగిరి మండలంలో దూబగుంట అనే పల్లె. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు చదువుకున్నది మాట్లాడుకుని, మాట్లాడుకున్నది చేసి, ఊళ్ళో సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు 1992లో జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటకు కలెక్టరాఫీసులో తేదీ పెడితే ఆ రోజుకి వేలమంది ఆడవాళ్ళు కొంగు బిగించి వచ్చేవాళ్ళు. వేలం వాయిదా పడేది, మళ్ళీ తేదీ, మళ్ళీ వీళ్ళు. నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఒకావిడ నాతో అన్న మాట: "అయ్యా, మా గురించి గొప్పగా రాయకపోయినా పర్లేదు, తేదీ మాత్రం తప్పు రాయొద్దు." 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ విజయం ఆ తల్లులది. పత్రికలు చేసిన సాయం ఏమన్నా ఉంటే, ఆ తేదీలు సరిగ్గా వేయడం అందులో ఒకటి.

మరి అంత ఇష్టమైన పని ఎందుకు వదిలావంటావా? పత్రికలు మూతపడటం చూశాం. 1984లో ఎంతో ఆర్భాటంగా వచ్చిన ఉదయం 1995లో ఆగిపోయింది. మంచి మంచి రాతగాళ్ళు రోడ్డున పడ్డారు. ఈటీవీ, జెమిని వచ్చాయి. మీ అమ్మ ఇంటరుకొచ్చింది, లైన్లు కొలిచి ఇచ్చే డబ్బుతో హైదరాబాదు ఫీజులు అయ్యేవి కావు. ఒక పీఆర్ ఏజెన్సీ నుంచి కబురొస్తే వెళ్ళాను.

పీఆర్ అంటే మా విలేకర్లలో చిన్నచూపు ఉండేది. కలం అమ్ముకున్నాడు అనేవాళ్ళు. ఆ మాటకు కారణం లేకపోలేదు. సోమాజిగూడ ప్రెస్ క్లబ్బులో ప్రెస్ మీట్ అయ్యాక ఫైలులో ప్రెస్ నోటుతో పాటు ఇంకో కవరు పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉండేది. ఆ కవరు ఇచ్చేవాడిదీ తీసుకునేవాడిదీ ఇద్దరిదీ తప్పే. నేను ఉన్నన్నాళ్ళూ నా చేతి మీదుగా అది జరగనివ్వలేదు. విలేకరికి కావాల్సింది డబ్బు కాదమ్మా, సమయానికి సరైన సమాచారం. పేరు సరిగ్గా, ఊరు సరిగ్గా, అంకె సరిగ్గా, సందేహమొస్తే రాత్రి పదింటికైనా ఎత్తే ఫోను.

ఏజెన్సీల్లో ఇంగ్లీషులో నోటు రాసి దాన్నే తెలుగులోకి తిప్పించి పంపేవాళ్ళు. చదివితే రాళ్ళు నమిలినట్టుండేది. రాత్రి డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటరు అవస్థ నాకు తెలుసు కాబట్టి తెలుగు నోటు విడిగా రాసేవాణ్ణి, సాయంత్రం నాలుగులోపు చేర్చేవాణ్ణి. ఇంగ్లీషు పేపరు చదివే మదుపరికి కంపెనీ లాభం కావాలి. జిల్లా పేజీ చదివే తండ్రికి ఆ కంపెనీలో తన కొడుక్కి ఏ చదువుతో ఉద్యోగం వస్తుందో కావాలి. ఒకే నోటు ఇద్దరికీ ఎలా సరిపోతుంది?

ఒక రోజు సంగతి చెప్తాను. ఊరి పొలిమేరలో ఒక ఫ్యాక్టరీ, మా క్లయింటే. రాత్రి షిఫ్టులో బాయిలరు పేలింది. నేను వెళ్ళేసరికి గేటు బయట వందలమంది. లోపల పెద్దలు గదిలో కూర్చుని, లాయరుతో మాట్లాడేదాకా ఎవరితోనూ ఏమీ అనొద్దన్నారు. నాతో నోటు రాయించాలని చూశారు, అందులో మొదటి వాక్యం ఉత్పత్తికి అంతరాయం లేదని. గేటు బయట ఉన్నవాళ్ళలో ఒక్కరైనా ఉత్పత్తి గురించి అడుగుతున్నారా అని అడిగాను. నాకు దివిసీమే కళ్ళ ముందు మెదిలింది.

చాలాసేపు వాదన జరిగింది. చివరికి షిఫ్టు ఇంచార్జి, పాపం కుర్రాడు, అటెండెన్సు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎవరు క్షేమంగా ఉన్నారు, ఎవరు ఏ ఆసుపత్రిలో ఉన్నారు, ముందు అది గేటు దగ్గర చదివించాం. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళను విడిగా లోపలికి పిలిచి, కూర్చోబెట్టి చెప్పాం. ఆ తర్వాతే పేపర్లకు నోటు. మరుసటి రోజు వార్తలు కంపెనీకి అనుకూలంగా ఏమీ రాలేదు, రాకూడదు కూడా. కానీ దాచారన్న మాట ఎవరూ రాయలేదు. తర్వాత ఆ కంపెనీవాళ్ళు మా ఏజెన్సీని మార్చేశారు. నాకు ఆ రోజు చేసిన పని మీద ఇప్పటికీ గౌరవం ఉంది.

ఈ పీఆర్ లోకంలో నాకెప్పుడూ మింగుడుపడనిది ఇంకోటుంది. క్లిప్పింగులు కొలిచి, ఇన్ని సెంటీమీటర్లు వచ్చింది, ఇదే ప్రకటన అయితే ఇంత ఖర్చయ్యేది కాబట్టి మీకు ఇంత లాభం చేశాం అని క్లయింటుకు లెక్క చూపించేవాళ్ళు. తిట్టిన వార్తకు కూడా అదే కొలత! 2010లో బార్సిలోనాలో ఆ వృత్తి పెద్దలు సమావేశమై ఆ లెక్కకు విలువ లేదని తేల్చారు. మన దగ్గర చాలాకాలం అదే నడిచింది.

2009 జనవరి 7 నీకు గుర్తుండదు. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారి లేఖ బయటికొచ్చిన రోజు. కంపెనీ లెక్కల్లో ఏడు వేల కోట్ల రూపాయలకు పైగా తప్పు చూపించారని. టీవీలన్నీ ఆ అంకె చుట్టూనే తిరిగాయి. ఆ సాయంత్రం అమీర్‌పేటలో టీ కొట్టు దగ్గర నిలబడితే మెళ్ళో కార్డుతో ఉన్న కుర్రాళ్ళు ఇంటికి ఫోన్లు చేసుకుంటున్నారు. వాళ్ళ తల్లిదండ్రుల ప్రశ్న ఒకటే: ఈ నెల జీతం వస్తుందా? ఆ ప్రశ్నకు జవాబు ఏ చానల్లోనూ లేదు.

అప్పటికే నేను సగం ఇంటర్నెట్ పనిలోకి జరిగాను. అందులోకి ఎలా వచ్చానో పెద్దగా చెప్పుకోవడానికేం లేదు, ఆఫీసులో కుర్రాళ్ళకు తెలుగు రాసేవాడు కావాల్సొచ్చింది, నేనున్నాను, అంతే. కానీ గూగుల్ ప్రకటనల ఖాతాలో ఒక నివేదిక ఉంటుంది చూడు, జనం ఏ మాటలు టైపు చేస్తే మన ప్రకటన కనిపించిందో చూపించేది. అది మొదటిసారి తెరిచిన రోజు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళు బస్టాండుల్లో, గేట్ల దగ్గర నిలబడి వినాల్సిన ప్రశ్నలన్నీ వరుసగా, వాళ్ళ సొంత మాటల్లో, కళ్ళ ముందు!

పచ్చళ్ళు అమెరికాకు పంపే ఒక చిన్న సంస్థకు పని చేశాం. వాళ్ళ సైటు తెరవగానే తాతల కాలం నాటి వంశ చరిత్ర. జనం టైపు చేసేదేమో పార్సిలు ఎన్ని రోజులకు వస్తుంది, దారిలో నూనె కారుతుందా, కారం తక్కువది ఉందా. ఆవకాయనే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తారు, అన్నీ పట్టుకోవాలి. వంశ చరిత్రను లోపలి పేజీకి పంపి ఆ మూడు జవాబులూ పైన పెట్టించాను. ఎక్కువ డబ్బు పాడినవాడి ప్రకటనే పైన వస్తుందని అనుకుంటారు గానీ, వెతికిన మాటకు మన ప్రకటన, మన పేజీ ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా గూగుల్ చూస్తుంది. సరిగ్గా జవాబు చెప్పిన చిన్న కొట్టు పెద్ద కంపెనీ పక్కన నిలబడగలదు. నాకు ఈ రంగంలో నచ్చిన న్యాయం అది.

నచ్చనివీ ఉన్నాయి. అర్థం లేని వ్యాసాలు కుప్పలుగా రాయించి, ఒకదానికొకటి లింకులు కట్టి పైకి ఎక్కించడం. 2011, 2012లలో గూగుల్ పద్ధతి మార్చి అలాంటివాటిని కిందికి తోసేదాకా ఆ వ్యాపారం జోరుగా సాగింది. ఇప్పుడు కొన్ని తెలుగు సైట్ల హెడ్డింగులు చూస్తే బాధేస్తుంది. ఊరించి లోపలికి పిలిచి, అక్కడ ఏమీ ఉంచరు. ప్రశ్నతో వచ్చిన మనిషిని ఖాళీ చేతులతో పంపడం పాపం.

ఇంకో నష్టం చెప్పాలి, ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మొదట్లో మన పెద్ద పత్రికలు నెట్‌లో సొంత ఫాంట్లు వాడేవి. మన కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం అర్థం లేని గుర్తులు. వెతికితే దొరికేవి కావు. పద్మ అనే పనిముట్టు ఒకటి వచ్చింది, బ్రౌజరులో పెట్టుకుంటే ఆ గుర్తులను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. అలాంటివి తయారు చేసినవాళ్ళు జీతం కోసం చేసినవాళ్ళు కారు. వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. అయినా ఆ తొలి ఏళ్ళలో జిల్లా విలేకర్లు తిరిగి తిరిగి రాసిన వార్తలు ఎన్నో ఇవాళ వెతికితే దొరకవు.

2021లో రెండో విడత కరోనా వచ్చేనాటికి నేను పని మానేశాను. ఏప్రిల్, మే నెలలు. ఆక్సిజన్ పడకలు ఎక్కడున్నాయి, సిలిండరు ఎవరిస్తారు అని వాట్సాప్‌లో జాబితాలు చేతులు మారుతున్నాయి. సగం నంబర్లు పనిచేయవు, సగం నిన్నటి సంగతి. మీ అమ్మమ్మ ఊరుకోమన్నా వినలేదు. పాత విలేకర్లం కొంతమందిమి, నాతో పనిచేసిన కంప్యూటరు కుర్రాళ్ళు కొంతమంది కలిశాం. నంబర్లు పంచుకున్నాం. ప్రతి నంబరుకూ మేమే ఫోన్ చేసి, ఎత్తితే ఉంచి, ఎత్తకపోతే తీసేసి, పక్కన ఆఖరుసారి ఎన్ని గంటలకు సరిచూశామో వేసేవాళ్ళం. జనం తెలుగులో ఏమని వెతుకుతున్నారో చూసి ఆ మాటలతోనే పేజీకి పేరు పెట్టాం. విలేకరి పని, పీఆర్ పని, ఆన్‌లైన్ పని, మూడూ ఆ పేజీలో కలిశాయి. ఒక రాత్రి మచిలీపట్నం నుంచి ఎవరో ఫోన్ చేసి పడక దొరికిందని చెప్పి, నా పేరైనా అడక్కుండా పెట్టేశారు. అడగాల్సిన అవసరమూ లేదు.

నీ సంగతికి వద్దాం. కొత్త ఉద్యోగంలో ఏదో ఆసుపత్రి సైటు నీకు అప్పజెప్పారన్నావు. పొద్దున చూపించావు కదా, పైనంతా భవనం ఫొటోలు, ఛైర్మన్ గారి సందేశం. రాత్రిపూట పిల్లాడికి జ్వరమొచ్చిన తల్లి ఏం వెతుకుతుందో ఆ నివేదికలో చూడు. పిల్లల డాక్టరు ఏ వేళల్లో ఉంటారు, అత్యవసరానికి ఏ గేటు, ఫీజు ఎంత, ఆరోగ్యశ్రీ చెల్లుతుందా, ఇవి పైకి తెప్పించు. మీ మేనేజరు ఒప్పుకోకపోతే ఆ వెతికిన మాటలే ప్రింటు తీసి ఆయన ముందు పెట్టు. ఇంకోటి, ఆ పేజీలో ఇచ్చిన ఎమర్జెన్సీ నంబరుకు రేపు రాత్రి రెండింటికి నువ్వే ఒకసారి ఫోన్ చేసి చూడమ్మా, ఎవరన్నా ఎత్తుతారో లేదో.